గాజు పళ్లెంలో కణం, మోకాలి దగ్గర కణం

ఈ ఎపిసోడ్ అనుకున్నది కాదు, ఒక వాయిస్ మెసేజ్ వల్ల పుట్టింది. కర్నూలు పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు పంపాడు. వయసు 19. కానిస్టేబుల్ కావాలని వాడి కోరిక. మన రాష్ట్రంలో మగవాళ్లకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. వాడికి రెండు సెంటీమీటర్లు తక్కువ. ఫోన్‌లో ఒక యాడ్ చూశాడంట. తెల్ల కోటు, చేతిలో పొడి డబ్బా, వెనకాల మైక్రోస్కోప్ బొమ్మ. ల్యాబ్‌లో గ్రోత్ ప్లేట్ కణాలు రెట్టింపు అయ్యాయి, నిరూపించాం అంటున్నారు. "అన్నా, ల్యాబ్‌లో నిరూపించినారంటే నిజమే కదా, కొనాల్నా వద్దా?" అని అడిగాడు.

ఒక్క మాటలో వద్దు అనేయొచ్చు. కానీ వాడు అడిగిన ప్రశ్న చాలా పెద్దది. ల్యాబ్‌లో గాజు పళ్లెంలో ఒక కణం చేసిన పని, మన ఒంట్లో అదే కణం చేస్తుందా? దీని మీద సైంటిస్టులు నూరేళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఆ చరిత్రలో మన నల్లమలకు అవతలి పక్క ఊళ్లు కూడా ఉన్నాయి. అందుకే మొదటినుంచి చెప్తా.

ముందు గ్రోత్ ప్లేట్ అంటే ఏంటో చూద్దాం. మటన్ తినేవాళ్లకు ఇది సులభం. లేత పొట్టేలు కాలు బాగా ఉడికితే ఎముక చివర గుండు లాంటి భాగం ఊడి చేతికొస్తుంది. ముదురు పొట్టేలుది ఎంత ఉడికించినా అలా ఊడదు. ఆ ఊడిన చోట, గుండుకీ కాడకీ మధ్య, పల్చటి మెత్తటి పొర ఉండేది. అదే గ్రోత్ ప్లేట్. అది ఇంకా ఎముక కాలేదు, కార్టిలేజ్. మన పాఠ్యపుస్తకాల్లో మృదులాస్థి అని రాస్తారు. మనిషికి కూడా అంతే. మోకాలి పైన, మోకాలి కింద, మణికట్టు దగ్గర, తుంటి దగ్గర ఈ పొరలుంటాయి. మన పొడవంతా వాటినుంచే వస్తుంది.

ఎముక మధ్యలో సాగదు, చివర్లో పెరుగుతుంది అన్న సంగతి మొదట చూపించింది స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లిష్ పాస్టర్. 1727లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. సగం పెరిగిన కోడిపిల్ల కాలి ఎముకకి అరంగుళం దూరంలో రెండు చిన్న రంధ్రాలు చేశాడు. రెండు నెలల తర్వాత చూస్తే ఎముక అంగుళం పెరిగింది, రంధ్రాల మధ్య దూరం మాత్రం అదే అరంగుళం. అంటే పెరిగింది ఆ రంధ్రాలకి బయట, చివర్ల పక్క.

ఆ తర్వాతి కథ నాకు మరీ ఇష్టం. 1736లో జాన్ బెల్చియర్ అనే లండన్ సర్జన్ ఒక బట్టల అద్దకం యజమాని ఇంటికి భోజనానికి వెళ్లాడు. పళ్లెంలో పంది మాంసం. ఎముకలు ఎర్రగా ఉన్నాయి! ఏంది సామీ ఇది అని ఆరా తీస్తే తేలిందేంటంటే, ఎర్ర రంగు వేరుతో అద్దిన బట్టల్ని తవుడు నీళ్లలో ఉతికి, మిగిలిన ఆ తవుడుని పందులకి మేపేవాళ్లు. ఆ వేరులోని రంగు కొత్తగా గట్టిపడే ఎముకకి పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఆ అద్దకాలు మన కోరమాండల్ తీరం బట్టల్ని చూసి మొదలైనవే. మచిలీపట్నం కలంకారీలో వాడే చిరివేరులో ఉన్నదీ ఆ రంగు పదార్థమే. తర్వాత ఫ్రాన్స్‌లో దుహామెల్ అనే ఆయన జంతువులకి కొన్నాళ్లు రంగు మేత, కొన్నాళ్లు మామూలు మేత మార్చి మార్చి పెట్టి, ఎముకలో ఎరుపు తెలుపు పొరలు వరుసగా పడటం చూపించాడు.

ఇవన్నీ బతికున్న జంతువులో చేసిన పనులని గుర్తుపెట్టుకోండి. వాటిలో ఎక్కడ పెరుగుతుందో తెలిసింది. ఏ కణం ఏం చేస్తోందో తెలియలేదు.

మైక్రోస్కోప్ మెరుగయ్యాక లోపలి బొమ్మ కనబడింది. మన బేతంచెర్లలో నాపరాళ్లు కోసి ఒకదాని మీద ఒకటి దొంతర పేరుస్తారు చూశారా, అచ్చం అలాగే ఉంటుంది. పై వరసలో కొన్ని కణాలు ఊరికే కూర్చుని ఉంటాయి, అవి నిల్వ సరుకు. వాటి కింద పలచటి, బిళ్లల్లాంటి కణాలు విడిపోతూ దొంతరలుగా పేరుకుంటాయి. దొంతర అడుగుకి వచ్చేసరికి విడిపోవడం ఆపి ఉబ్బుతాయి. మామూలుగా కాదు, ఘనపరిమాణంలో పది రెట్ల దాకా. ఎముక పొడవు పెరగడంలో పెద్ద వాటా కణాల సంఖ్యది కాదు, ఈ ఉబ్బుడిది. ఉబ్బిన కణం తన చుట్టూ కాల్షియం పేరుకునేలా చేస్తుంది, రక్తనాళాలు కిందినుంచి దూసుకొస్తాయి, ఆ చోట ఎముక పడుతుంది.

1930లో డాడ్స్ అనే ఆయన ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. ఈ బిళ్ల కణం విడిపోయినప్పుడు రెండు పిల్లలూ పక్కపక్కన పుడతాయి. తర్వాత ఒకదాని మీదికి ఒకటి జరిగి దొంతర అవుతాయి. పక్కపక్కనే ఉండిపోతే ఎముక లావెక్కేది, పొడవయ్యేది కాదు. అంటే ఈ కణానికి ఏది పైన, ఏది కింద అన్న లెక్క ఉంది. ఈ ముక్క మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు గాజు పళ్లెం సంగతి. 1920లలో కేంబ్రిడ్జ్‌లో స్ట్రేంజ్‌వేస్ ల్యాబ్ అని చిన్న ల్యాబ్. అక్కడ హానర్ ఫెల్ అనే ఆవిడ కోడి గుడ్డులోని పిండం నుంచి, ఇంకా ఎముక కాని చిన్న కాలి కార్టిలేజ్ ముక్కని మొత్తంగా తీసి, గాజు గిన్నెలో పెట్టి పెంచింది. రక్తం లేదు, నరాలు లేవు, తల్లి లేదు. అయినా ఆ ముక్క పెరిగింది! 1929లో రాబిసన్‌తో కలిసి రాసిన పేపర్ ఇప్పటికీ చదవదగ్గది. ఒంట్లో పెరిగినంత పెరగలేదు, కానీ తొడ ఎముక తొడ ఎముక ఆకారంలోకే వచ్చింది. కణాలకి సొంత తెలివి ఉంది, అన్నీ పైనుంచి ఒకరు చెప్పాల్సిన పనిలేదు అని అందరికీ అర్థమైంది.

ఇక్కడే ఒక ఆశ పుట్టింది. మొత్తం ముక్క ఎందుకు, కణాల్ని విడదీసి ఒక్కొక్కటిగా పెంచితే ఇంకా శుభ్రంగా తెలుస్తుంది కదా? విడదీశారు. కణాలు గాజుకి అతుక్కున్నాయి, పరుచుకున్నాయి, గబగబా విడిపోయాయి. యాడ్‌లో చెప్పినట్టే, రెట్టింపు కాదు, పదుల రెట్లు. సంబరమే.

కానీ 1960లో ఫిలడెల్ఫియాలో హోల్ట్‌జర్, ఆయన సహచరులు ఒక నిజం బయటపెట్టారు. గాజు మీద అలా విడిపోయిన కార్టిలేజ్ కణాలు కార్టిలేజ్ తయారుచేయడం మానేస్తున్నాయి. గుండ్రటి కణం కాస్తా సాగి, కోసుగా, చర్మం కింద ఉండే మామూలు పీచు కణంలా తయారవుతోంది. సంఖ్య పెరుగుతోంది, పని పోతోంది. 1977లో జర్మనీ నుంచి ఫాన్ డేర్ మార్క్ బృందం దీన్ని రసాయనంగా చూపించింది. కార్టిలేజ్‌కి ప్రత్యేకమైన కొలాజెన్ ఒకటి ఉంది, దాన్ని రెండో రకం అంటారు. చర్మంలో, ఎముకలో ఉండేది మొదటి రకం. పళ్లెంలో పరుచుకున్న కార్టిలేజ్ కణాలు రెండో రకం ఆపేసి మొదటి రకం తయారుచేస్తున్నాయి. ఉద్యోగానికి బెంగళూరు పోయిన మనూరి పిల్లోడు ఆరు నెలలకే యాస మార్చినట్టు అనుకోండి. మనిషి వాడే, మాట వేరు.

1982లో బెన్యా, షాఫర్ అని ఇద్దరు, అలా మారిపోయిన కణాల్నే తీసుకెళ్లి అగరోజ్ అనే జెల్లీలో పాతేశారు. జెల్లీలో పరుచుకోవడానికి నేల లేదు. కణం మళ్లీ గుండ్రంగా అయింది. గుండ్రంగా అయ్యాక మళ్లీ రెండో రకం కొలాజెన్ మొదలుపెట్టింది! జన్యువులు ఎక్కడికీ పోలేదు. ఆకారం పోతే పని పోయింది, ఆకారం వస్తే పని వచ్చింది. నాకు ఈ మొత్తం చరిత్రలో ఒక్క ప్రయోగం ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటా.

ఇది గ్రోత్ ప్లేట్ కణాలకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 1988లో జపాన్‌కి చెందిన కాటో బృందం కుందేలు గ్రోత్ ప్లేట్ కణాల్ని పళ్లెంలో కాకుండా సెంట్రిఫ్యూజ్ ట్యూబ్ అడుగున ముద్దగా చేర్చి పెంచింది. ఒకదానికొకటి ఆనుకుని ఉండేసరికి అవి ఉబ్బే దశకి కూడా వెళ్లాయి, కాల్షియం కూడా పేర్చాయి. చాలా దగ్గరికి వచ్చారు. అయినా ట్యూబ్‌లో ఉన్నది ముద్ద. అందులో పైన కింద లేవు కాబట్టి కాలి ఎముకలో ఉన్నట్టు ఒకే దిక్కుకి నిలబడ్డ దొంతరలు లేవు. డాడ్స్ చూసిన ఆ జరగడం అక్కడ దేనివైపు జరగాలి?

దిక్కు ఎవరు చెప్తారో 1996లో కొంత తెలిసింది. దొంతరలో ఉబ్బడానికి సిద్ధమైన కణాలు ఒక సందేశం పంపుతాయి. దాని ఫలితంగా ఎముక చివరి వైపు నుంచి ఇంకో సందేశం వస్తుంది, "ఇంకా కొంచెం ఆగండి, ఇప్పుడే ఉబ్బొద్దు" అని. దగ్గరున్నవాళ్లకి గట్టిగా వినబడుతుంది, దూరమైనవాళ్లకి వినబడదు, వాళ్లు ఉబ్బేస్తారు. అంటే దూరమే గడియారం. పళ్లెంలో ఆ దూరం ఏది?

గాలి సంగతి కూడా చూడండి. గ్రోత్ ప్లేట్ లోపల రక్తనాళాలు లేవు. నడిమధ్య కణాలకి ఆక్సిజన్ చాలా తక్కువ. ల్యాబ్ ఇంక్యుబేటర్‌లో మాత్రం మామూలుగా బయట గాలిలో ఉన్నంత, సుమారు 20 శాతం. తక్కువ ఆక్సిజన్‌కి సర్దుకునే జన్యువుని ఎలుక కార్టిలేజ్‌లో తీసేస్తే గ్రోత్ ప్లేట్ మధ్యలో కణాలు చచ్చిపోయాయని 2001లో చూపించారు. ఒంట్లో ప్రాణం నిలబెట్టే ఆ ఏర్పాటు పళ్లెంలో అవసరమే పడదు. కాబట్టి పళ్లెంలో చూసేవాళ్లకి అదొకటి ఉందనే అనుమానం కూడా రాదు.

ఒక మాట చెప్పాలి, పళ్లెం అబద్ధమాడుతుందని నేను అనడం లేదు. కొన్నిసార్లు అదే ముందు నిజం చెప్పింది. ఉబ్బిన కణం చివరికి చచ్చిపోవాల్సిందేనా, లేక ఎముక కణంగా మారుతుందా అని 1858లో హైన్రిష్ ముల్లర్ కాలం నుంచి గొడవ. చచ్చిపోతుందనే పాఠ్యపుస్తకాలు రాశాయి. 1990లలో కల్చర్‌లో పెట్టిన కోడి ఎముక ముక్కల్లో, కాదు కొన్ని ఎముక కణాలవుతున్నాయని సూచన దొరికింది. పళ్లెంలో జరిగేవన్నీ నిజమా అని చాలామంది కొట్టిపారేశారు. 2014లో బతికున్న ఎలుకల్లో కణాలకి గుర్తు పెట్టి వెంబడిస్తే నిజమేనని తేలింది. కాబట్టి పళ్లెం చెప్పింది సాక్ష్యం, తీర్పు కాదు.

ఇప్పుడు నల్లమల దాటి అవతలికి పోదాం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మార్కాపురం, గిద్దలూరు మన కర్నూలు జిల్లాలోవే. వాటికి తూర్పున పొదిలి, దర్శి, కనిగిరి, అప్పుడు నెల్లూరు జిల్లా. ఆ పక్క ఊళ్లలో రైతులకి నడుము వంగదు, మెడ తిరగదు, వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర మద్రాసు డాక్టర్లు దీన్ని పరిశీలించి, కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని అచ్చులో పెట్టారు. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన మొదటి గట్టి రిపోర్టు అదే.

1940లో సి.జి. పండిట్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే లెక్క కాదు, తిండి సరిగా లేనిచోట జబ్బు ఎక్కువ ముదురుతోంది అని గమనించారు, ముఖ్యంగా విటమిన్ సి తక్కువైన చోట. అప్పటికి అది ఊరు ఊరు తిరిగితే కనబడిన సంగతి.

దీన్ని పళ్లెంతో కలిపి చూడండి, తమాషాగా ఉంటుంది. 1989లో లిబోయ్ బృందం కోడి గ్రోత్ కార్టిలేజ్ కణాల మీద పని చేస్తూ, పళ్లెంలో విటమిన్ సి వేస్తే తప్ప ఆ కణాలు ఉబ్బే దశ పనులు సరిగా చేయవు, కాల్షియం పేర్చవు అని చూపించింది. కోడి ఎప్పుడైనా నిమ్మకాయ తింటుందా? దానికి అవసరం లేదు. కోడి కిడ్నీయే విటమిన్ సి తయారుచేసుకుంటుంది. పళ్లెంలో కిడ్నీ లేదు కాబట్టి చేత్తో వేయాలి. మనిషి ఒంట్లో కూడా ఆ తయారీ లేదు, తిండిలోనుంచే రావాలి. ఒక కణం ఒంటరిగా కార్టిలేజ్ కణం కాదు, దాని వెనక కిడ్నీ, పేగు, వంటిల్లు అన్నీ ఉన్నాయి.

ఫ్లోరైడ్ కథ అక్కడితో ఆగలేదు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఎక్స్‌రేలో ఎముక సున్నం కొట్టినట్టు తెల్లగా, దట్టంగా కనబడుతుంది. దాన్ని చూసి పాశ్చాత్య డాక్టర్లకి ఒక ఆలోచన వచ్చింది. ముసలితనంలో ఎముకలు గుల్లబారతాయి కదా, వాళ్లకి కావాలనే కొంచెం ఫ్లోరైడ్ ఇస్తే? 1961 నుంచి ఆ ప్రయత్నాలు మొదలయ్యాయి. 1983లో ఫార్లీ, బేలింక్ వాళ్లు పళ్లెంలో పరీక్షించారు. ఎముక కట్టే కణాల మీద ఫ్లోరైడ్ వేస్తే కణాలు వేగంగా విడిపోయాయి. ఎముక కట్టే పనికి గుర్తుగా భావించే ఎంజైమ్ పెరిగింది. సైన్స్ పత్రికలో వచ్చింది. ఇంకేం కావాలి? ల్యాబ్‌లో నిరూపితం.

1990లో అమెరికాలో రిగ్స్ బృందం ఫలితాలు వచ్చాయి. ఎముకలు గుల్లబారిన 202 మంది పెద్దవయసు ఆడవాళ్లు, నాలుగేళ్లు. సగం మందికి ఫ్లోరైడ్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఫ్లోరైడ్ వాడినవాళ్ల నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది! కానీ వెన్నెముక విరగడం తగ్గలేదు. వెన్నెముక కాకుండా మిగతా ఎముకలు విరిగినవి లెక్కేస్తే ఫ్లోరైడ్ గుంపులో 72, రెండో గుంపులో 24. కణాలు పెరిగాయి, ఎముక పెరిగింది, బలం పెరగలేదు. పళ్లెంలో కణం చెప్పిందీ నిజమే, ఎక్స్‌రే చెప్పిందీ నిజమే. విరిగిన తుంటిని మాత్రం ఏ పళ్లెమూ ముందుగా చూపించలేదు.

తమ్ముడి యాడ్‌కి సమాధానం ఇక్కడే ఉందని మీకు అర్థమై ఉంటుంది. ఆగండి, గ్రోత్ ప్లేట్ దగ్గరికి మళ్లీ రావాలి.

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక పేపర్ రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెద్దవాళ్లకి వెన్ను బిగుసుకోవడం పాత సంగతి. వీళ్లు చూసింది కొత్తది. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు దూరంగా పోతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. పెద్దవాళ్లకి గ్రోత్ ప్లేట్ లేదు, మూసుకుపోయింది. పిల్లలకి ఉంది. అదే విషం, అదే నీళ్లు, ఒకరికి ఒక రకంగా, ఇంకొకరికి ఇంకో రకంగా తగిలింది.

ఎందుకు అప్పుడే వచ్చింది? ఆ సంస్థ వాళ్ల అనుమానం ఇలా సాగింది. నాగార్జునసాగర్ నీళ్లు నిలిచాక చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పైకొచ్చింది, నేల గుణం మారింది. అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా చేరుతోంది. అది ఒంట్లోనుంచి రాగిని బయటికి పంపేస్తుంది. కొలాజెన్ పోగుల్ని ఒకదానితో ఒకటి కలిపి కుట్టే ఎంజైమ్‌కి రాగి కావాలి. 1977లో ఆ ప్రాంతం ధాన్యాల్లో రాగి, మాలిబ్డినం, జింక్ కొలిచిన పేపర్ కూడా వచ్చింది. బియ్యం తిండితో పోలిస్తే జొన్న తిండితో ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందని ఇంకో పరిశీలన. ఇది విని జొన్నరొట్టె మానేయకండి సామీ! మా ఇంట్లో రాత్రికి అదే. సమస్య రొట్టెది కాదు. ఆ నీళ్లు, ఆ నేల, పూటపూటా అదొక్కటే తిండి, పప్పూ పాలూ కూరా దొరకని పేదరికం, అన్నీ ఒకే పిల్లాడి మీద పడటం. ఏ పళ్లెంలో అయినా మీరు ఒక మార్పు చేసి చూస్తారు. ఆ పల్లెల్లో పిల్లల మీద ఐదారు ఒకేసారి పడ్డాయి.

ఇంకొకటి బరువు. 1862 నుంచి డాక్టర్లకి తెలిసిన సూత్రం ఉంది. గ్రోత్ ప్లేట్ మీద ఒత్తిడి ఎక్కువైతే ఆ చోట పెరుగుదల తగ్గుతుంది. మోకాళ్లు లోపలికి వంగిన పిల్లాడు నడిచినప్పుడు బరువంతా మోకాలి బయటి సగం మీద పడుతుంది. ఆ సగం నెమ్మదిస్తుంది, లోపలి సగం పెరుగుతూనే ఉంటుంది, కాలు ఇంకా వంగుతుంది. బడికి నడిచిన ప్రతి రోజూ వంపు పెంచే రోజే. పళ్లెంలో కణం ఎవరి బరువూ మోయదు. ఇదే సూత్రాన్ని తిప్పి వాడి, ఎదిగే పిల్లలకి మోకాలి లోపలి వైపు గ్రోత్ ప్లేట్‌ని చిన్న ప్లేటుతోనో పిన్నుతోనో కొన్నాళ్లు పట్టి ఉంచి కాలు సరిచేస్తారు. అది పనిచేయాలంటే ఒకే షరతు, గ్రోత్ ప్లేట్ ఇంకా తెరిచి ఉండాలి.

మన దగ్గరి సంగతి కూడా చెప్పుకోవాలి. కర్నూలుని కడపని కలిపేది ఆ పాత కె.సి. కాలువ, 1860లలో ఇంగ్లిష్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎత్తుకుని కడప దాకా పోతుంది. నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువ. కాలువ అందని ఊళ్లలో బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి, బోర్లు లోతుకి పోయాయి. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో, అదీ కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీళ్లలో, ఫ్లోరైడ్ కరుగుతుంది. రాయలసీమ జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లు లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉన్నాయి. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా, తాగడానికి బాగానే ఉంటాయి. కాచినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తీసే పద్ధతి ఒకటి 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దాని పేరే నల్గొండ పద్ధతి. ఒక జిల్లాకి అలా పేరు రావడం ఎంత బాధో చూడండి.

సరే, తమ్ముడి దగ్గరికి వద్దాం. గ్రోత్ ప్లేట్ ఎప్పుడు మూసుకుంటుంది? ఆడపిల్లలకి ఎక్కువగా 14 నుంచి 16 మధ్య, మగపిల్లలకి 16 నుంచి 18 మధ్య, కొందరికి కొంచెం అటూ ఇటూ. మూసేది ఈస్ట్రోజన్ అనే హార్మోన్, మగపిల్లల్లో కూడా. 1994లో అమెరికా డాక్టర్లు ఒక 28 ఏళ్ల మనిషి గురించి రాశారు. ఆయన ఒంట్లో కణాలకి ఈస్ట్రోజన్ మాట వినబడదు, పుట్టుకతో వచ్చిన లోపం. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు, గ్రోత్ ప్లేట్లు మూసుకోలేదు. ఎముకలు మాత్రం గుల్లబారిపోయాయి. అదృష్టవంతుడు అనుకోవద్దు.

కాబట్టి తమ్ముడూ, ఆ డబ్బాలో పొడి పళ్లెంలో కణాల్ని రెట్టింపు చేసిందే అనుకుందాం, నేను కాదనను. పళ్లెంలో రెట్టింపైన కణం కార్టిలేజ్ పనే మర్చిపోతుందని ఇంతసేపూ చెప్పా. అంతకంటే ముందు, నీ మోకాలి దగ్గర ఆ కణాలే లేకపోవచ్చు. తెలుసుకోవడానికి పొడి అక్కర్లేదు, ఎముకల డాక్టర్ రాసిచ్చే ఒక ఎక్స్‌రే చాలు. పొర తెరిచి ఉంటే నల్ల గీత కనబడుతుంది, మూసుకుంటే కనబడదు. 19 ఏళ్లకి మూసుకునే ఉంటుందని నా అంచనా. మూసుకున్నదాన్ని తెరిచే మందు ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. ఎత్తు అడగని ఉద్యోగాల నోటిఫికేషన్లు కూడా ఉన్నాయి, వాటి గురించి ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి. నీ మెసేజ్ చివర్లో వెనకాల ఒక పాప గొంతు వినబడింది, చెల్లెలు అన్నావు, ఐదో తరగతి అన్నావు. దాని గ్రోత్ ప్లేట్లు తెరిచే ఉన్నాయి. మీ ఇంట్లో తాగేది బోరు నీళ్లని కూడా నువ్వే చెప్పావు. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు పట్టి, ఊరి పేరు, బోరు ఎక్కడుందో రాసి, గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో ఇవ్వు. ఫ్లోరైడ్ ఎంతో రాసిస్తారు. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.